కల్తీ కల్లు నుంచి ఫోన్ జూదం దాకా: అలవాటు చేసే సరుకు మీద సర్కారు ఏం చేయాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

మాది జడ్చర్ల పక్కన పల్లె. మా పెద్దమ్మ నలభై ఏళ్ళు కైకిలి (కూలి పని) చేసింది. పొద్దుగూకాక రెండు సీసాల కల్లు తాగితే గాని నడుము నొప్పి తగ్గేది కాదు, నిద్ర పట్టేది కాదు. ఒకసారి అధికారులు దాడి చేసి ఊళ్ళో కల్లు డిపోను మూయించారు. పీడ పోయిందని మేమంతా సంబరపడ్డాం. మూడో రోజు పొద్దున ఆమెకు ఫిట్స్ వచ్చాయి. నాలుక కొరుక్కుంది. ఎదురుగా నిలబడ్డ నన్ను గుర్తుపట్టలేదు. దవాఖానకు తీసుకుపోతే సెలైన్ ఎక్కించి, "తాగుడు మాన్పించండి" అని చెప్పి పంపించారు. ఒక్కసారిగా మానడం వల్లే ఆమెకు ఆ గతి పట్టిందని అక్కడ ఎవరికీ తట్టలేదు.

అప్పటి నుంచి పాలమూరు, నల్లగొండ ఊళ్ళలో ఈ సంగతులు మాట్లాడుతున్నాను. ఎక్కడికి పోయినా ఎదురయ్యే ప్రశ్నలు, వాటికి నా జవాబులు ఇవి.

తాగేది వాడి ఇష్టం. మధ్యలో సర్కారుకేం పని?

నల్లగొండ వైపు ఎవరైనా ఇది అడిగితే నేను ఫ్లోరైడ్ నీళ్ళ మాట ఎత్తుతాను. మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల్లో బోరు నీళ్ళు తాగి ఎముకలు వంగిపోయిన మనిషిని చూసి "నువ్వెందుకు తాగావు" అని ఎవరమూ అడగలేదు. కృష్ణా నీళ్ళు తెచ్చియ్యమని సర్కారును అడిగాం, ఏళ్ళ తరబడి కొట్లాడాం. నీళ్ళలో ఏముందో తాగేవాడికి కనిపించదు కాబట్టి, చూసుకునే బాధ్యత సర్కారుదేనని మనందరికీ అప్పుడు అర్థమైంది.

అల్ప్రాజోలం అనే మత్తు మందు కలిపిన కల్లు కూడా అంతే. సీసాలో ఏముందో తాగేవాడికి తెలియదు. మొదటి సీసా వరకు ఇష్టమే అనుకుందాం. ఆర్నెల్ల తర్వాత తాగకపోతే చేతులు వణికే మనిషికి ఇష్టం అనే మాట ఎక్కడ మిగిలింది? మత్తు పానీయాలను, ఆరోగ్యానికి చేటు చేసే మత్తు పదార్థాలను నిషేధించే ప్రయత్నం చేయాలని రాజ్యాంగం 47వ అధికరణంలోనే ఉంది. దాని మీద కోర్టుకు పోయి అమలు చేయించుకునే వీలు లేకపోయినా, అది సర్కారుకు అప్పజెప్పిన పనే.

కల్లు మన పండుగల్లో, పెళ్ళిళ్ళలో ఉన్నదే కదా. దాన్ని చెడ్డది అంటే ఎట్లా?

చెట్టు కల్లును నేను చెడ్డది అనడం లేదు. గౌడన్న మోకు, ముత్తాదు కట్టుకుని తాటిచెట్టెక్కి లొట్టి దించితే వచ్చేది ఒకటి. డిపోలో తొట్టి నిండా నీళ్ళు పోసి, తీపికి శాకరిన్, మత్తుకు పొడి కలిపి సీసాల్లో నింపేది ఇంకొకటి. రెండింటినీ ఒకే పేరుతో పిలవడం వల్ల గీత కార్మికుడికి జరిగిన నష్టం అంతా ఇంతా కాదు.

లెక్క చాలా తేలిక. తాటిచెట్టు గాని ఈతచెట్టు గాని ఏడాది పొడుగునా కల్లు పారదు. ఊరి చుట్టూ ఎన్ని చెట్లు గీస్తున్నారో ఊళ్ళో అందరికీ తెలుసు. డిపోలో రోజుకు ఎన్ని సీసాలు అమ్ముడవుతున్నాయో కూడా తెలుసు. ఆ రెండు అంకెలు కలవకపోతే మిగిలిన సీసాలు చెట్టు మీద నుంచి దిగలేదన్నమాట. గీసే చెట్లకు నంబర్లు వేసేది, లైసెన్సు ఇచ్చేది ఎక్సైజ్ శాఖే. అంటే ఈ లెక్క వేయడానికి కావలసిన కాగితాలన్నీ వాళ్ళ దగ్గరే ఉన్నాయి. గీత కార్మికుల సొసైటీ వారీగా చెట్ల లెక్క, అమ్మకం లెక్క పంచాయతీ గోడ మీద రాసి పెట్టాలని నేను ప్రతిచోటా అడుగుతున్నాను.

అసలు అల్ప్రాజోలం అంటే ఏమిటి? అంత ప్రమాదమా?

టెన్షన్, భయం, నిద్రలేమి ఉన్నవాళ్ళకు డాక్టర్లు కొద్ది రోజులకు రాసే మందు. మాత్ర సాధారణంగా 0.25 లేదా 0.5 మిల్లీగ్రాములు ఉంటుంది. ఒక గ్రాము పొడి అంటే 0.25 మిల్లీగ్రాముల మాత్రలు 4,000. చిటికెడు పొడిని కర్రతో తిప్పి తొట్టిలో కలిపేవాడి దగ్గర త్రాసు ఉండదు. ఒక సీసాలో కొంచెం, ఇంకో సీసాలో పదింతలు పడొచ్చు. దాని మీద సారా, విస్కీ కూడా తాగితే ఊపిరి ఆడటమే మందగిస్తుంది.

దీనితోపాటు డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ కూడా వాడతారు. ఊళ్ళలో సీహెచ్ పౌడర్ అనేది ఈ క్లోరల్ హైడ్రేట్‌నే. 2025 జూలైలో హైదరాబాద్ కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు. చాలామంది కిడ్నీలు దెబ్బతిని ఆసుపత్రుల పాలయ్యారు. పట్నంలో జరిగింది కాబట్టి అందరికీ తెలిసింది. మన ఊళ్ళలో పొలం గట్టు మీద పడిపోయిన మనిషికి ఎండదెబ్బ అని రాస్తారు.

మందు కలిసిందని తాగేవాళ్ళు గుర్తుపట్టగలరా?

రుచిలో తెలియదు. తాగినాక మనిషిని గమనిస్తే తెలుస్తుంది. తాగినదానికి మించిన నిద్ర, మాట ముద్దగా రావడం, నడక తూలడం, నిన్నటి సంగతి గుర్తు లేకపోవడం. అన్నింటికన్నా పెద్ద గుర్తు, ఒక పూట తాగకపోతే వణుకు, చెమట, పిచ్చి చూపులు. చెట్టు కల్లు తాగేవాళ్ళలో ఇంత త్వరగా ఇంత తీవ్రంగా ఇవి కనిపించవు.

మరి డిపోలన్నీ మూయిస్తే పోదా?

ఈ ప్రశ్నకే నేను ఎక్కువసేపు జవాబు చెబుతాను. ఎందుకంటే మా ఇంట్లో అదే జరిగింది.

2015లో తెలంగాణ సర్కారు కల్తీ కల్లు మీద గట్టిగా దాడులు చేసింది. పొడి దొరకడం ఆగిపోయింది. ఆ సెప్టెంబరు, అక్టోబరుల్లో నిజామాబాద్, మెదక్, మహబూబ్‌నగర్ వైపు నుంచి జనం వందల్లో దవాఖానలకు వచ్చారు. ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం కిక్కిరిసింది. ఫిట్స్, లేనివి కనిపించడం, ఒంటి మీద పురుగులు పాకుతున్నట్టు కేకలు, మెడ వంకర తిరగడం. వాళ్ళలో పిల్లల తల్లులున్నారు, ముసలివాళ్ళున్నారు.

జరిగేది ఇది. రోజూ ఈ మందు పడుతుంటే, తనను తాను శాంతపరచుకునే పనిని మెదడు తగ్గించుకుంటుంది. మందు మీదే వాలిపోతుంది. ఒక్కసారిగా మందు ఆపితే బ్రేకులు లేని బండిలా మెదడు అదుపు తప్పుతుంది. అల్ప్రాజోలం ఒంట్లోంచి త్వరగా పోతుంది కాబట్టి ఒకటి నుంచి మూడు రోజుల్లోనే ఫిట్స్ రావొచ్చు. ప్రాణమూ పోవచ్చు. అందుకే డాక్టర్లు ఇలాంటివాళ్ళకు మాత్రలు ఇచ్చి వారాల తరబడి, కొందరికి నెలల తరబడి మోతాదు తగ్గిస్తూ వస్తారు. మా పెద్దమ్మకు రెండోసారి ఫిట్స్ వచ్చాక ఒక మానసిక వైద్యుడు ఇదే చేశాడు. మూడు నెలలు పట్టింది.

కాబట్టి నేను అడిగేది ఒకటే. డిపోకు తాళం వేసే రోజు, అదే మండలంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఈ మందులు ఉండాలి, వాడటం తెలిసిన డాక్టరు ఉండాలి. దాడికి బయలుదేరే ముందు ఎక్సైజ్ అధికారి జిల్లా వైద్యాధికారికి ఫోన్ చేయాలి. ఇంటింటికీ తిరిగే ఆశా కార్యకర్తకు ఎవరు రోజూ తాగుతారో పేరుపేరునా తెలుసు. ఆమెకు ఒక రోజు ముందు చెబితే సగం ప్రాణాలు నిలుస్తాయి. దీనికి కొత్త చట్టం అక్కరలేదు. రెండు శాఖలు మాట్లాడుకోవాలి, అంతే.

చట్టంలో శిక్షలు ఎంత?

తక్కువేం కాదు. అల్ప్రాజోలం 1985 నాటి మత్తు పదార్థాల నియంత్రణ చట్టం (ఎన్‌డీపీఎస్) కిందికి వస్తుంది. 5 గ్రాముల దాకా చిన్న మొత్తం. 100 గ్రాములు దాటితే వాణిజ్య మొత్తం, అప్పుడు 10 నుంచి 20 ఏళ్ళ జైలు, లక్ష నుంచి రెండు లక్షల జరిమానా. మెడికల్ షాపులో ఇది హెచ్1 జాబితాలోని మందు. చీటీ లేకుండా అమ్మకూడదు, ఎవరికి అమ్మారో విడిగా రిజిస్టరులో రాసి మూడేళ్ళు దాచాలి.

అయితే డిపోలకు చేరే పొడి మెడికల్ షాపు నుంచి రాదు. దొంగచాటుగా రసాయన యూనిట్లలో తయారవుతుంది. తెలంగాణలోనే అలాంటి యూనిట్లు పలుమార్లు పట్టుబడ్డాయి. ఊరి డిపోలో సీసాలు కడిగే కుర్రాణ్ణి పట్టుకోవడం తేలిక. పొడి తయారుచేసినవాడి దాకా పోవడం కష్టం. కేసుల సంఖ్య చూపించి మురిసిపోయే అధికారిని, ఎన్ని కేసులు ఫ్యాక్టరీ దాకా చేరాయో అడగండి.

తాగేవాళ్ళ మీద కూడా కేసు పెడతారా? దవాఖానకు పోతే పోలీసులకు చెబుతారా?

ఈ భయంతోనే చాలామంది ఇంట్లో దాక్కుంటారు. కల్లు తాగి జబ్బు పడ్డానని డాక్టరుకు చెబితే నేరం కాదు. మత్తు పదార్థాలకు అలవాటు పడి, చిన్న మొత్తం కేసులో ఉన్న మనిషి కూడా తనంతట తాను చికిత్సకు ముందుకొస్తే ప్రాసిక్యూషన్ నుంచి మినహాయింపు ఇచ్చే 64ఏ సెక్షన్ ఎన్‌డీపీఎస్ చట్టంలోనే ఉంది. 2017 మానసిక ఆరోగ్య చట్టం కూడా మద్యం, మత్తు వ్యసనాన్ని వైద్యం అందాల్సిన జబ్బుగానే చూస్తుంది. మనిషిని గొలుసులతో కట్టేయడం ఆ చట్టం ప్రకారం నిషేధం. ప్రైవేటు డీఅడిక్షన్ సెంటర్లలో చేర్పించే ముందు ఈ మాట గుర్తుపెట్టుకోండి.

పూర్తి మద్యనిషేధం పెడితే?

పెట్టి చూశాం. నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి ఆడవాళ్ళు లేచి పోరాడితే 1993లో ఉమ్మడి రాష్ట్రంలో సారా ఆగింది. 1995లో ఎన్.టి. రామారావు సంపూర్ణ నిషేధం తెచ్చారు. 1997లో చంద్రబాబు నాయుడు ఎత్తేశారు. ఆ మధ్యకాలంలో పక్క రాష్ట్రాల సీసాలు, గుడుంబా రాజ్యమేలాయి.

ఆ ఆడవాళ్ళు ఓడిపోయారని నేను ఎప్పటికీ అనను. ఊళ్ళో సారా పాట (వేలం) ఆగడం వాళ్ళు సాధించింది. కానీ నల్లబెల్లం, పటిక, ఒక కుండ ఉంటే చాలు, ఏ గుట్ట మీదనైనా గుడుంబా కాయొచ్చు. దేవరకొండ, అచ్చంపేట తండాల్లో దాని వల్ల చిన్న వయసులోనే ముండమోసిన ఆడబిడ్డలను చూసినవాళ్ళు నిషేధం మాటను తేలిగ్గా అనలేరు. నా మటుకు నాకు, దొరికే చోట్లు తగ్గించడం, దొరికే గంటలు తగ్గించడం, ఊరి మధ్య నుంచి తీసేయడం ఎక్కువ పని చేస్తాయనిపిస్తుంది.

సర్కారే మద్యం మీద బతుకుతుంటే ఎట్లా అదుపు చేస్తుంది?

న్యాయమైన ప్రశ్న. రాష్ట్రంలో మద్యం టోకు వ్యాపారం సర్కారు బెవరేజెస్ కార్పొరేషన్ చేతిలో ఉంది. చిల్లర దుకాణాలు 2,620. 2025లో వాటికి లాటరీ తీసినప్పుడు ఒక్కో దరఖాస్తుకు తిరిగి ఇవ్వని రుసుము 3 లక్షలు. 95 వేలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. దుకాణం తలుపు తెరవకముందే రెండు వేల ఎనిమిది వందల కోట్లకు పైగా వచ్చి పడ్డాయి. ఇంత డబ్బు తెచ్చే శాఖకే తాగుడు తగ్గించే పని కూడా అప్పజెబితే అది ఏ పని ముందు చేస్తుంది? ఎక్సైజ్ అధికారికి అమ్మకాల టార్గెట్ అనేదే ఉండకూడదు. కల్తీ పరీక్షలు, చికిత్స కేంద్రాలు వైద్య ఆరోగ్య శాఖ చేతిలో ఉండాలి. దరఖాస్తు రుసుములో పదో వంతు పక్కన పెట్టినా ప్రతి జిల్లా ఆసుపత్రిలో మంచి డీఅడిక్షన్ వార్డు నడుస్తుంది.

బెల్టు షాపు మీద ఎవరికి చెప్పాలి?

లైసెన్సు లేకుండా మద్యం అమ్మడం నేరం, అది కిరాణా కొట్టులో అయినా సరే. ఎక్సైజ్ స్టేషన్‌కు రాసి ఇచ్చి రసీదు తీసుకోండి. ఒక్కరే పోతే ఊళ్ళో పగ మిగులుతుంది. గ్రామసభలో తీర్మానం చేసి పదిమంది పోండి. మన జిల్లాల్లో తీర్మానం చేసి బెల్టు షాపులు మూయించుకున్న ఊళ్ళు ఉన్నాయి. ఎక్కువ చోట్ల ముందు నిలబడింది మహిళా సంఘాలే. బెల్టు షాపుకు సరుకు ఇచ్చేది లైసెన్సు ఉన్న వైన్స్ వాళ్ళే కాబట్టి, ఫిర్యాదులో ఆ వైన్స్ పేరు కూడా రాయండి. ఎక్కువమంది మరిచిపోయేది ఇదే.

హైవే పక్కన వైన్స్ ఉండొచ్చా?

2016 డిసెంబరులో సుప్రీంకోర్టు జాతీయ, రాష్ట్ర రహదారులకు 500 మీటర్ల లోపు వద్దంది. 2017లో చిన్న ఊళ్ళకు దాన్ని 220 మీటర్లకు తగ్గించింది, తర్వాత మున్సిపాలిటీలకు మినహాయింపు ఇచ్చింది. చౌటుప్పల్, జడ్చర్ల లాంటి చోట్ల ఆ మినహాయింపు ఏం చేసిందో రోడ్డు మీద పోతుంటే కనిపిస్తుంది.

గుట్కా నిషేధం అన్నారు, ప్రతి కొట్టులో దొరుకుతోంది?

ఆహార భద్రత, ప్రమాణాల చట్టం కింద ఏడాదికోసారి నిషేధం ఉత్తర్వు పొడిగిస్తూ వస్తున్నారు. తయారీ, నిల్వ, అమ్మకం మూడూ నేరమే. పొగాకు లేని పాన్ మసాలా ఒక పొట్లం, పొగాకు ఒక పొట్లం విడివిడిగా అమ్మి కలుపుకోమంటారు. ఈ ఎత్తు అందరికీ తెలిసిందే.

సిగరెట్లు, పొగాకు 18 ఏళ్ళ లోపు వాళ్ళకు అమ్మకూడదు, బడికి 100 గజాల లోపు అసలే అమ్మకూడదు. మద్యానికి తెలంగాణలో 21 ఏళ్ళు. పిల్లలకు మద్యం గాని పొగాకు గాని ఇస్తే బాలల న్యాయ చట్టం కింద ఏడేళ్ళ దాకా జైలు. పిల్లల చేత మత్తు సరుకు అమ్మించినా, మోయించినా అంతే. బడి పిల్లవాణ్ణి సీసాలు తెమ్మని పంపే తండ్రులు ఇది చదవాలి. ఈ-సిగరెట్లు 2019 నుంచి దేశమంతటా నిషేధం. హుక్కా పార్లర్లను తెలంగాణ 2024లో నిషేధించింది.

ఆన్‌లైన్ రమ్మీ, బెట్టింగ్ మీద తెలంగాణలో ఎప్పుడో నిషేధం ఉంది కదా? మరి మా తమ్ముడు అప్పుల పాలెట్లయ్యాడు?

నిజమే, 2017లోనే తెలంగాణ తన గేమింగ్ చట్టాన్ని మార్చి డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. కానీ ఫోన్‌కు రాష్ట్ర సరిహద్దు ఉండదు. లొకేషన్ మార్చే యాప్ వేసుకుని ఆడారు. ఇంకోపక్క కేంద్రం 2023 అక్టోబరు నుంచి అవే ఆటల మీద 28 శాతం జీఎస్టీ వసూలు చేసింది. ఒక సర్కారు నేరం అన్నదాని మీద ఇంకో సర్కారు పన్ను తీసుకుంది. మన పిల్లలు ఆ సందులో పడ్డారు.

2025 ఆగస్టులో పార్లమెంటు కొత్త ఆన్‌లైన్ గేమింగ్ చట్టం చేసింది. డబ్బు ఆటలు నడిపితే మూడేళ్ళ జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ప్రకటనలు చేస్తే రెండేళ్ళు, 50 లక్షల దాకా. డబ్బు బదిలీ చేసిపెట్టేవాళ్ళకూ శిక్ష ఉంది. ఆడేవాణ్ణి మాత్రం ఈ చట్టం నేరస్తుడిగా చూడదు. అది నాకు చాలా నచ్చింది. అమ్మేవాణ్ణి పట్టుకోవాలి, చిక్కుకున్నవాణ్ణి బయటికి లాగాలి. కల్లు విషయంలోనూ నేను అడిగేది ఇదే.

మీ తమ్ముడి డబ్బు మోసంతో పోయిందనుకుంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఆలస్యమయ్యే కొద్దీ డబ్బు దొరకదు. తిట్టకండి. ఇలాంటి అప్పుల్లో ఉన్న కుర్రాళ్ళు ప్రాణం తీసుకున్న ఇళ్ళకు నేను పోయి వచ్చాను. ముందు పక్కన కూర్చోండి, లెక్కలు తర్వాత చూడొచ్చు.

రీల్స్ కూడా వ్యసనమేనా? దాని మీద సర్కారు ఏం చేయగలదు?

వీడియో ఆటల వ్యసనాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలో చేర్చింది. రీల్స్‌ను అలా చేర్చలేదు. అందుకని కల్లుతో సమానం చేసి మాట్లాడను. అయితే వేలితో తోస్తున్న కొద్దీ వస్తూనే ఉండే తీరు, ఒకటి అయిపోగానే ఇంకొకటి దానంతట అదే మొదలవడం, ఇవి కావాలని చేసినవి. ఆస్ట్రేలియా 2025 డిసెంబరు నుంచి 16 ఏళ్ళ లోపు పిల్లలకు సోషల్ మీడియా ఖాతాలు వద్దంది. చైనా 2021 నుంచి మైనర్ల ఆన్‌లైన్ ఆటలను వారానికి మూడు గంటలకు కుదించింది. మన దేశంలో 2023 నాటి డేటా రక్షణ చట్టం 18 ఏళ్ళ లోపు పిల్లల వెంటపడి ప్రకటనలు చూపించకూడదంటుంది. అమలు ఇప్పుడిప్పుడే దశలవారీగా మొదలవుతోంది.

పాఠాలు కూడా ఫోన్‌లోనే వస్తున్న ఊళ్ళలో వయసు నిషేధం ఒక్కటే పెడితే, పిల్లలు నాన్న పేరుతో ఖాతా తెరుస్తారు. పిల్లల ఖాతాల్లో దానంతట అదే ఆడే వీడియోలు, రాత్రిపూట నోటిఫికేషన్లు కంపెనీయే ఆపి ఇవ్వాలన్న నియమం దానికన్నా మేలు.

మరి గీత కార్మికుల బతుకేం కావాలి?

వాళ్ళు ఈ కథలో నేరస్తులు కారు, మొదటి బాధితులు. పొడి కల్లు చవగ్గా దొరికితే చెట్టు కల్లు ఎవరు కొంటారు? తాటిచెట్టు మీద నుంచి పడి నడుము విరిగిన మనిషి పక్కన, చెట్టు ముఖమే చూడని ముస్తాదారు (కల్లు కాంట్రాక్టరు) మేడ కడతాడు. పరీక్షలు గట్టిగా జరిగితే గౌడన్న లొట్టికే విలువ పెరుగుతుంది. ఈ మాట గీత సంఘాల వాళ్ళే నాకు చెప్పారు.

చికిత్సకు ఎక్కడికి పోవాలి?

నల్లగొండ, మహబూబ్‌నగర్, సూర్యాపేట ప్రభుత్వ వైద్య కళాశాలల ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగాన్ని అడగండి. కష్టమైన కేసులకు ఎర్రగడ్డ ఉంది. మత్తు విడిపించే సలహాకు 14446, మానసిక ఆరోగ్యానికి టెలీ మానస్ 14416, పొగాకు మానడానికి 1800 11 2356. మత్తు పదార్థాల అమ్మకం గురించి రాష్ట్రంలో 1908కి చెప్పొచ్చు.

మా నాయన రేపటి నుంచి కల్లు ముట్టనంటున్నాడు. ఏం చేయాలి?

ముందు సంతోషపడండి, ఆ మాట ఆయన ముందే అనండి. కానీ రేపే ఒక్కసారిగా ఆపనివ్వకండి, ముందు డాక్టరు దగ్గరికి తీసుకుపోండి. రోజుకు ఎన్ని సీసాలు, ఎన్నేళ్ళ నుంచి, ఆఖరున ఎప్పుడు తాగాడు, ఇదివరకు ఫిట్స్ వచ్చాయా, బీపీ, షుగర్ మందులేమైనా వాడుతున్నాడా, ఇవన్నీ కాగితం మీద రాసుకుని పోండి. "కల్లులో మందు కలుస్తుందని అనుమానం" అని మీరే నోరు తెరిచి చెప్పాలి. సారా, విస్కీ తాగే మనిషి ఆపినా ఇలాంటి ప్రమాదమే, మొదటి మూడు రోజులు గట్టివి. ఆ రాత్రుళ్ళు ఆయన పక్కనే ఒకరు పడుకోండి. వణుకు పెరిగినా, లేనివాళ్ళతో మాట్లాడుతున్నా ఆగకుండా 108కి ఫోన్ చేయండి. ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో చెంచా గాని తాళాలు గాని పెట్టకండి.